ఫొటో ఉంది, సాక్ష్యం కనిపించడం లేదు: ఉద్యమ ఫొటోల్లో లోపాలు గుర్తించడం, సరిచేయడం

ఊళ్లో దాడి జరిగిందని ఫోన్ రాగానే మేము అడిగే మొదటి మాట "అందరూ క్షేమమేనా?" రెండో మాట "ఫొటోలు తీశారా?" తీయకుండా ఎవరూ లేరు. ఇప్పుడు ప్రతి వాడలోనూ కెమెరా ఉన్న ఫోన్ ఉంది. అయినా మాకు అందే వాటిలో చాలా ఫొటోలు పనికిరావు. గాయం ఉండాల్సిన చోట ఫ్లాష్ మెరుపు ఉంటుంది. ముఖం ఉండాల్సిన చోట నల్లటి ముద్ద ఉంటుంది. ఎఫ్ఐఆర్ కాపీలో సెక్షన్ నంబర్లు అలుక్కుపోయి ఉంటాయి. తీసినవాళ్లు కష్టపడి, కొన్నిసార్లు ప్రాణాలకు తెగించి తీశారు. కానీ ఆ ఫొటో చెప్పాల్సింది చెప్పలేకపోతుంది.

ఫొటో ఎందుకు పాడైందో చూడగానే గుర్తుపట్టడం, వీలైతే సరిచేయడం, వీలుకాకపోతే అక్కడే ఉండి ఇంకొకటి తీసుకోవడం నేర్చుకుంటే వచ్చేవే. వాటిని కార్యకర్తలు, విద్యార్థులు దగ్గర పెట్టుకుని చూసుకునేలా ఇక్కడ ఒకచోట చేర్చాం. ఖరీదైన కెమెరా ఉందని అనుకుని రాయలేదు. చేతిలో ఉన్న ఫోనే మన కెమెరా.

ఫొటో ఎంత పని చేస్తుంది

మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది. ఆ తర్వాత కూడా ప్రభుత్వాలు "మా రాష్ట్రంలో ఆ పని లేదు" అంటూనే వచ్చాయి. 2003లో సఫాయి కర్మచారీ ఆందోళన్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. లేదన్న పని ఉందని చూపించడానికి కార్యకర్తలు ఊరూరా తిరిగి వివరాలు, ఫొటోలు సేకరించారు. 2014 మార్చి 27న కోర్టు తీర్పు చెప్పింది. 1993 నుంచి మురుగు కాల్వల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల చొప్పున ఇవ్వమంది. 2023 అక్టోబరులో ఇంకో తీర్పులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. "లేదు" అనే మాటకు ఎదురు నిలబడేది రికార్డు. ఆ రికార్డులో ఫొటో ఒక భాగం. అది మసకగా ఉంటే "లేదు" అనేవాడికే లాభం.

అన్నిటికంటే ముందు: ఒరిజినల్‌ను ముట్టుకోవద్దు

ఏ లోపం సరిచేయాలన్నా కాపీ మీదే చేయాలి. ఫోన్‌లో తీసిన అసలు ఫైలు అలాగే ఉండాలి. దాన్ని కత్తిరించకూడదు, వెలుగు పెంచకూడదు, దాని మీద పేరు రాయకూడదు, సంస్థ లోగో వేయకూడదు.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో చిన్నదైపోతుంది. ఫోన్ 4000 పిక్సెళ్ల వెడల్పుతో తీసిన ఫొటో సాధారణంగా 1600 పిక్సెళ్ల దగ్గరికి పడిపోతుంది. ఎప్పుడు తీశారు, ఏ ఫోన్‌తో తీశారు, ఎక్కడ తీశారు అనే సమాచారం ఫైలులోంచి పోతుంది. అందుకే మాకు గానీ, లాయర్‌కు గానీ పంపేటప్పుడు "డాక్యుమెంట్" కింద జత చేసి పంపండి. అప్పుడు ఫైలు ఉన్నది ఉన్నట్టు వస్తుంది. స్క్రీన్‌షాట్ తీసి పంపడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. అందులో అసలు పిక్సెళ్లూ ఉండవు, అసలు సమాచారమూ ఉండదు.

చట్టం వైపు నుంచి కూడా ఇది ముఖ్యం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో సెక్షన్ 63 ఎలక్ట్రానిక్ రికార్డుల గురించి చెబుతుంది. పాత చట్టంలో ఇది 65బి. ఫొటో కాపీని కోర్టులో పెట్టాలంటే దానితో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ సర్టిఫికెట్ నమూనాలో ఫైలు హాష్ విలువ రాయడానికి చోటుంది. హాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది. ఎస్‌హెచ్‌ఏ-256 వంటి లెక్కతో వస్తుంది. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ విలువ మొత్తం మారిపోతుంది. కంప్యూటర్‌లోకి ఎక్కించిన రోజే హాష్ తీసి, తేదీతో నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. ఆ తర్వాత ఎవరైనా "ఇది మార్చిన ఫొటో" అంటే జవాబు మన దగ్గర ఉంటుంది.

అసలు ఫోన్‌నే దాని సొంతదారు కోర్టులో హాజరుపరిచి సాక్ష్యం చెబితే సర్టిఫికెట్ అక్కర్లేదని, కాపీ ఇస్తే మాత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో చెప్పింది. అది పాత 65బి మీద వచ్చిన తీర్పు. కొత్త చట్టం కింద ఏం చేయాలో మీ లాయర్‌తో మాట్లాడండి. ఏదేమైనా ఫోన్ ఫార్మాట్ చేయడం, పాత ఫోన్ అమ్మేయడం లాంటివి కేసు నడుస్తున్నంత కాలం చేయొద్దు.

ఫొటోను చూడటం ఎలా

ఫోన్ తెర మీద చిన్నగా చూస్తే ప్రతి ఫొటో బాగానే ఉంటుంది. అక్కడే మోసపోతాం. తీసిన వెంటనే, ఆ చోటు వదిలి రాకముందే, వేళ్లతో పెద్దది చేసి ఐదు చోట్ల చూడండి.

1. ముఖ్యమైన వస్తువు అంచులు. కంటి రెప్పలు, అక్షరాల గీతలు తెగినట్టు స్పష్టంగా ఉన్నాయా?
2. బాగా వెలుగున్న చోటు. తెల్ల చొక్కాలో మడతలు కనిపిస్తున్నాయా, లేక ఉత్త తెలుపేనా?
3. బాగా చీకటిగా ఉన్న చోటు. ముఖంలో కళ్లు, పెదవులు వేరుగా తెలుస్తున్నాయా?
4. తెల్లగా ఉండాల్సిన వస్తువు. కాగితం తెల్లగా ఉందా, పసుపుగానో నీలంగానో ఉందా?
5. నాలుగు మూలలు. వేలు అడ్డొచ్చిందా, ముఖ్యమైనది తెగిపోయిందా?

దీనికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం పెట్టకపోతే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ ఆదుకోదు.

మసక: నాలుగు రకాలు

మసకగా వచ్చిన ప్రతి ఫొటోకు కారణం ఒకటే కాదు.

లెన్స్ మీద మురికి: ఫొటో అంతా పొగ పట్టినట్టు ఉంటుంది, వీధి దీపం నుంచి గీతలు సాగుతాయి. ఫోన్ జేబులో పడి ఉంటుంది, లెన్స్ మీద వేలిముద్రలు ఉంటాయి. మాకు వచ్చే మసక ఫొటోల్లో చాలావాటికి ఇదే కారణం. మెత్తటి నూలుబట్టతో తుడిస్తే సరిపోతుంది.

చెయ్యి వణకడం: ఫొటోలో ఉన్నవన్నీ ఒకే దిక్కుకు సాగినట్టు, రెండు రెండుగా కనిపిస్తాయి. వెలుగు తక్కువైనప్పుడు కెమెరా ఎక్కువసేపు కన్ను తెరిచి ఉంచుతుంది. ఆ సమయంలో చెయ్యి కదిలితే ఇలా అవుతుంది. మోచేతులు ఒంటికి ఆనించండి. గోడకో, స్తంభానికో ఆనుకోండి. ఊపిరి బిగబట్టి మూడు నాలుగు ఫొటోలు వరసగా తీయండి.

మనిషి కదలడం: గోడ స్పష్టంగా ఉండి, మనిషి మాత్రమే మసకగా ఉంటాడు. ఊరేగింపుల్లో, లాఠీచార్జీలో ఇది ఎక్కువ. ఫోన్‌లో "ప్రో" మోడ్ ఉంటే షట్టర్ వేగం కనీసం 1/250 సెకనుకు పెట్టండి. లేకపోతే వెలుగున్న వైపు నిలబడి తీయండి.

ఫోకస్ తప్పడం: వెనకున్న చెట్టు స్పష్టంగా ఉండి, ముందున్న ముఖం మసకగా ఉంటుంది. తెర మీద ముఖం మీద ఒకసారి తాకండి. మరీ దగ్గరగా పెడితే కూడా ఫోకస్ కుదరదు. ఒక అడుగు వెనక్కి జరిగి తీసి, తర్వాత కత్తిరించుకోవడం నయం.

సరిచేయడం మాటకొస్తే, కొద్దిపాటి మసకను "షార్పెన్" కొంత తగ్గిస్తుంది. దాన్ని ఎక్కువ చేస్తే అంచుల చుట్టూ తెల్లటి గీత వస్తుంది. ఆ గీత కనిపిస్తే హద్దు దాటారని అర్థం, వెనక్కి తగ్గండి. చెయ్యి వణికి సాగిపోయిన ముఖాన్ని మళ్లీ ముఖంగా చేయడం కుదరదు.

చీకటి ముఖం, తెల్లబోయిన చొక్కా

ఇది మనకు ప్రత్యేకంగా తగిలే లోపం. కెమెరా తన ముందున్న దృశ్యం మొత్తాన్ని సగటు బూడిదరంగుగా ఊహించుకుని వెలుగు లెక్క కడుతుంది. వెనక ఎండగా ఉన్న ఆకాశమో, సున్నం వేసిన తెల్లగోడో ఉంటే, వెలుగు ఎక్కువైందనుకుని ఫొటో అంతా తగ్గించేస్తుంది. గోడ బాగానే వస్తుంది. దాని ముందు నిలబడ్డ నల్లని మనిషి ముఖం మాత్రం చీకట్లో కలిసిపోతుంది.

ఇందులో చరిత్ర కూడా ఉంది. కలర్ ఫిల్మ్ రోజుల్లో కోడాక్ కంపెనీ ఫొటో ల్యాబులకు ఒక తెల్లజాతి స్త్రీ ఫొటో ఉన్న కార్డు పంపేది. ఆమె చర్మం సరిగ్గా కనిపించేలా ప్రింటింగ్ మెషిన్లను సరిచేసుకునేవారు. మొదటి మోడల్ పేరు మీద వాటికి షిర్లీ కార్డులు అన్న పేరు నిలిచిపోయింది. నల్లనివాళ్ల ముఖాలు సరిగా రావడం లేదన్న మాటకు చాలాకాలం విలువ దక్కలేదు. చాక్లెట్ల రంగులు, చెక్క సామాను రంగులు సరిగా రావడం లేదని వ్యాపార సంస్థలు అడిగాక ఫిల్మ్ మెరుగుపడిందని ఈ చరిత్రను తవ్వితీసిన కెనడా పరిశోధకురాలు లోర్నా రోత్ రాశారు. ఫోన్ల కాలంలో కూడా 2021లో గూగుల్ తన పిక్సెల్ 6 ఫోన్‌లో నల్లని చర్మాన్ని సరిగా చూపించే సదుపాయం తెచ్చానని ప్రత్యేకంగా చెప్పుకోవాల్సి వచ్చింది. యంత్రం తనంతట తాను తటస్థంగా ఉండదు. దాన్ని ఎవరి ముఖం చూసి తయారు చేశారో వాళ్లకే అది బాగా పనిచేస్తుంది.

తీసేటప్పుడు ఏం చేయాలి? తెర మీద ముఖాన్ని తాకి, పక్కనే వచ్చే సూర్యుడి గుర్తును కొద్దిగా పైకి జరపండి. మనిషిని తెల్లగోడ ముందు నుంచి పక్కకు జరిపి, చెట్టు నీడలోకో వరండాలోకో తీసుకురండి. ఎండ ఆయన వెనక కాకుండా మీ వెనక ఉండాలి.

తీసేశాక సరిచేయాలంటే ఒక సూత్రం గుర్తుంచుకోండి. చీకటిని కొంత వెనక్కి తేవచ్చు, ఉత్త తెలుపైపోయిన చోటును తేలేం. చీకటి భాగంలో ఇంకా కొంత సమాచారం మిగిలి ఉంటుంది. తెల్లబోయిన చోట ఏమీ మిగలదు. స్నాప్‌సీడ్, గింప్ లాంటి ఉచిత సాధనాల్లో "షాడోస్" మాత్రమే పెంచండి. "బ్రైట్‌నెస్" పెంచితే ముఖంతో పాటు గోడ కూడా తెల్లబోతుంది.

బ్యూటీ మోడ్: గాయాన్ని మాయం చేసే మీట

చాలా ఫోన్లలో బ్యూటీ మోడ్ ముందే ఆన్ అయి ఉంటుంది, ముఖ్యంగా సెల్ఫీ కెమెరాలో. అది చర్మాన్ని తెల్లగా, నున్నగా చేస్తుంది. మచ్చల్ని చెరిపేస్తుంది. కమిలిన గాయం కూడా దాని లెక్కలో మచ్చే. దెబ్బలు తిన్న అమ్మాయి సెల్ఫీలో దెబ్బ కనిపించకపోతే, ఆమె అబద్ధం చెప్పిందని వాదించడానికి ఎదుటి లాయర్‌కు అదే చాలు.

గుర్తుపట్టడం తేలిక. పెద్దది చేసి చూస్తే చర్మంలో రంధ్రాలు, నూగు ఏవీ కనిపించవు. మైనపు బొమ్మలా ఉంటుంది. ఇది తీశాక సరిచేయగల లోపం కాదు. ముందే సెట్టింగుల్లోకి వెళ్లి బ్యూటీ, ఫిల్టర్లు అన్నీ ఆఫ్ చేయండి. వెనక కెమెరాతో, ఇంకొకరి చేత తీయించండి. ఇప్పుడు ఇది చదువుతూనే మీ ఫోన్ ఒకసారి చూసుకోండి.

గాయాల ఫొటోలు

ఒక గాయానికి మూడు దూరాల నుంచి తీయాలి. మొదటిది మనిషి మొత్తం కనిపించేలా. రెండోది గాయం ఒంట్లో ఏ భాగంలో ఉందో తెలిసేలా. మూడోది గాయం దగ్గరగా. మూడోదాన్ని రెండుసార్లు తీయండి, ఒకటి మామూలుగా, ఇంకొకటి పక్కన స్కేలు పెట్టి. బడిపిల్లల స్కేలు చాలు. అది గాయం ఉన్న ఎత్తులోనే ఉండాలి, కెమెరా నేరుగా ఎదురుగా ఉండాలి. ఏటవాలుగా తీస్తే కొలత తప్పుతుంది.

ఫ్లాష్ దగ్గర నుంచి పడితే గాయం మీద తెల్లటి మచ్చ వస్తుంది. పగటి వెలుగులో, నీడలో తీయడం అన్నిటికంటే మంచిది. రాత్రయితే రెండో ఫోన్ టార్చిని పక్క నుంచి, దూరంగా పట్టించండి. మధ్యలో ఒక తెల్ల కాగితం అడ్డం పెడితే వెలుగు మెత్తబడుతుంది.

కమిలిన దెబ్బల రంగు రోజురోజుకూ మారుతుంది. మొదటి రోజు సరిగా కనిపించనివి రెండో, మూడో రోజుకు బయటపడతాయి. అందుకే మళ్లీ తీయండి, ప్రతిసారీ తేదీ రాయండి. ఫొటోలు ఉన్నాయి కదా అని ఆసుపత్రికి వెళ్లడం ఆపొద్దు. డాక్టర్ రాసే గాయాల సర్టిఫికెట్‌కు ఫొటో తోడే గానీ బదులు కాదు.

రంగు తేడా

పసుపు బల్బు కింద తీస్తే అంతా పసుపుగా, ట్యూబులైటు కింద కొన్నిసార్లు ఆకుపచ్చగా, చెట్ల నీడలో నీలంగా వస్తుంది. దీన్ని వైట్ బ్యాలెన్స్ తప్పడం అంటారు. మామూలు ఫొటోలో ఇది అందం సంగతి. గాయం ఫొటోలో రంగే సాక్ష్యం.

ఫ్రేములో ఒక తెల్ల కాగితం ఉండేలా చూసుకోండి. తర్వాత కాపీ మీద వైట్ బ్యాలెన్స్ సాధనంతో ఆ కాగితాన్ని తాకితే రంగులు సర్దుకుంటాయి. ఒకే చోట పసుపు బల్బూ, కిటికీ వెలుగూ రెండూ పడితే ఏ సాధనమూ సరిచేయలేదు. ఒక వెలుగు ఆపి తీయండి.

చుక్కలు, గళ్లు, చారలు

చీకట్లో తీసిన ఫొటోలో ఇసుక చల్లినట్టు కనిపించే రంగు చుక్కల్ని నాయిస్ అంటారు. వెలుగు చాలక ఐఎస్ఓ పెరిగినప్పుడు వస్తుంది. నాయిస్ తగ్గించే సాధనం ఉంది. కానీ ఎక్కువ వాడితే చుక్కలతో పాటు చర్మపు గీతలు, అక్షరాలు కూడా పోతాయి. కొంచెం ఇసుక ఉన్నా ఫరవాలేదు, వివరం మిగిలి ఉండాలి.

అక్షరాల చుట్టూ, అంచుల చుట్టూ చిన్న చిన్న చదరపు గళ్లు కనిపిస్తే అది జేపీఈజీ కుదింపు. ఈ పద్ధతి ఫొటోను 8 పిక్సెళ్ల వెడల్పు, 8 పిక్సెళ్ల ఎత్తున్న గళ్లుగా విడగొట్టి, కంటికి అంతగా ఆనని సమాచారాన్ని పారేస్తుంది. మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకొంచెం పోతుంది. పది గ్రూపులు తిరిగి వచ్చిన ఫొటో అందుకే అలుక్కుపోయి ఉంటుంది. దీనికి మందు లేదు, వెనక్కి వెళ్లి మొదట తీసినవాళ్లను వెతకాలి. అలా వెతకడం ఇంకో రకంగానూ మంచిదే. ఆ ఫొటో నిజంగా ఈ ఊరిదేనా, ఈ రోజుదేనా అన్నది కూడా అప్పుడే తేలుతుంది.

ఎల్ఈడీ లైట్ల కింద అడ్డంగా నల్ల చారలు వస్తే కారణం కరెంటు. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, దీపం 100 సార్లు మినుకుతుంది. షట్టర్‌ను 1/50 లేదా 1/100కు పెడితే చారలు పోతాయి. టీవీ తెరనో కంప్యూటర్ తెరనో ఫొటో తీస్తే వచ్చే వంకర అలలు వేరు. కొంచెం పక్కకు జరిగో, దూరం మార్చో తీస్తే తగ్గుతాయి.

కాగితాలు: ఎఫ్ఐఆర్, పాస్‌బుక్, నోటీసు

కాగితాన్ని చేతిలో పట్టుకుని తీయకండి. బల్ల మీదో, నేల మీదో పరిచి, సరిగ్గా పై నుంచి తీయండి. ఏటవాలుగా తీస్తే ఒకవైపు వెడల్పుగా, ఇంకోవైపు సన్నగా వస్తుంది. మీ నీడే కాగితం మీద పడుతుందేమో చూసుకోండి. కిటికీ పక్కన పెడితే నీడ తగ్గుతుంది. లామినేషన్ చేసిన కులధ్రువీకరణ పత్రాల మీద ఫ్లాష్ వేస్తే మధ్యలో తెల్లమచ్చ తప్పదు, ఫ్లాష్ ఆపేయండి.

నాలుగు అంచులూ ఫ్రేములో ఉండాలి. వెనక పేజీ ఖాళీగా ఉన్నా తీయండి. ముద్రలు, సంతకాలు, చేతిరాతలో రాసిన తేదీలు విడిగా దగ్గర నుంచి ఒకటి తీయండి. స్కానింగ్ యాప్‌లు కాగితాన్ని నలుపు తెలుపుల్లోకి మార్చేస్తాయి. అప్పుడు లేత సిరాతో వేసిన ముద్ర మాయమవుతుంది. రంగులో ఒక కాపీ తప్పకుండా ఉంచండి.

ఫ్లెక్సీ మీద పగిలిన ముఖం

సంస్మరణ సభకు ఫ్లెక్సీ వేస్తాం. పోయినవాడి మంచి ఫొటో ఉండదు. పెళ్లిలో గుంపుగా దిగిన ఫొటోలోంచి, అదీ వాట్సాప్‌లో వచ్చిన దాంట్లోంచి ముఖం కత్తిరించి పెంచుతాం. గళ్లు గళ్లుగా పగిలిపోతుంది.

లెక్క చూద్దాం. ఆరు అడుగుల వెడల్పు అంటే 72 అంగుళాలు. 1600 పిక్సెళ్ల ఫొటోను అంత వెడల్పుకు సాగదీస్తే అంగుళానికి 22 పిక్సెళ్లే వస్తాయి. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి కూడా అంగుళానికి 72 ఉంటే బాగుంటుంది, అంటే 5184 పిక్సెళ్లు కావాలి. చేతిలో పట్టుకుని చూసే కరపత్రానికి 300 కావాలి. 10 సెంటీమీటర్ల వెడల్పున అచ్చు వేయాలంటే సుమారు 1180 పిక్సెళ్లు.

ఫొటో చిన్నదైతే దాన్ని చిన్నగానే వేయండి, చుట్టూ అక్షరాలు పెద్దవి పెట్టండి. ఇంట్లో ఆధార్ కోసమో, కాలేజీ కోసమో దిగిన పాస్‌పోర్టు సైజు ప్రింటు ఉంటే దాన్ని స్కానర్ మీద 1200 డీపీఐలో తీయించండి. అది వాట్సాప్ ఫొటోకంటే ఎన్నో రెట్లు నయం.

పాత ఫొటోలు

1985 జూలై 17 కారంచేడు, 1991 ఆగస్టు 6 చుండూరు. ఆ తర్వాత చీరాలలో, తెనాలిలో శిబిరాలు నడిచాయి, ఊరేగింపులు సాగాయి. ఆ రోజుల ఫొటోలు ఫిల్మ్ మీద తీసినవి. పెద్దవాళ్ల ఇళ్లలో ట్రంకుపెట్టెల్లో, ఆల్బమ్‌లలో, చెమ్మ పట్టిన గోడల మీద ఉన్నాయి. వాటిని డిజిటల్ చేయడం విద్యార్థులు చేయగలిగిన గొప్ప పని.

ఫోన్‌తో కాకుండా స్కానర్‌తో చేయండి. ప్రింటుకు 600 డీపీఐ, నెగెటివ్ దొరికితే 2400 లేదా అంతకంటే ఎక్కువ. టిఫ్ ఫార్మాట్‌లో ఒకటి దాచి, పంచడానికి జేపీఈజీ వేరుగా చేసుకోండి. ప్రింటును అంచులు పట్టుకుని ఎత్తండి, తడిబట్టతో తుడవొద్దు. ఆల్బమ్‌కు అంటుకుపోయిన ఫొటోను పీకొద్దు, ఉన్నచోటే స్కాన్ చేయండి. వెనకవైపు రాత ఉంటే అదీ స్కాన్ చేయండి.

పాత కలర్ ప్రింట్లు ఎర్రగానో పసుపుగానో తిరిగిపోతాయి. రంగుల్లో ఒకటి మిగతావాటికంటే ముందు వెలిసిపోవడమే కారణం. గింప్‌లో "లెవెల్స్" తెరిచి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటి విడిగా సర్దితే చాలావరకు తిరిగొస్తుంది. గీతల్ని, చెమ్మ మచ్చల్ని క్లోన్ సాధనంతో తీసేయవచ్చు, ముఖాల మీదకు మాత్రం వెళ్లకండి. ఫొటోలో ఎవరున్నారో, ఎక్కడ తీశారో ఆ ఇంటి అవ్వనో తాతనో అడిగి అదే రోజు రాసుకోండి. చిరిగిన ఫొటోను సరిచేయవచ్చు, పేరు చెప్పగలిగిన మనిషి పోతే ఆ సమాచారం మళ్లీ రాదు.

ముఖం దాచడంలో జరిగే పొరపాట్లు

లైంగిక హింసకు గురైన స్త్రీ ఎవరో తెలిసేలా ప్రచురించడాన్ని భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 నిషేధిస్తుంది. పిల్లల విషయంలో పోక్సో చట్టం సెక్షన్ 23 ఉంది. సాక్షుల ముఖాలు దాచడం చట్టం చెప్పకపోయినా మన బాధ్యత.

ముఖాన్ని కొంచెం మసక చేసి వదిలేస్తే ఊళ్లోవాళ్లు చీర చూసి, గుమ్మం చూసి గుర్తుపడతారు. తేలికపాటి గళ్లు వేస్తే వాటి వెనక ముఖాన్ని ఊహించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఫోన్‌లో నల్ల మార్కర్‌తో గీస్తే అన్నిటికంటే ప్రమాదం. చాలా ఫోన్లలో ఆ మార్కర్ సిరా పారదర్శకంగా ఉంటుంది. చూడటానికి నల్లగా ఉన్నా, వెలుగు పెంచగానే కింద ఉన్న పేరో ముఖమో బయటపడుతుంది. పూర్తిగా నిండిన నల్ల డబ్బా పెట్టండి, కొత్త ఫైలుగా సేవ్ చేయండి, ఆ ఫైలు వెలుగు పెంచి మీరే ఒకసారి పరీక్షించండి. ఇంటి నంబరు, బండి నంబరు, బడి యూనిఫాం కూడా చూసుకోండి.

ప్రచురించే కాపీలోంచి లొకేషన్ సమాచారం తీసేయాలి. లేకపోతే బాధితురాలు తలదాచుకున్న ఇల్లు మ్యాప్‌లో దొరికిపోతుంది. ఒరిజినల్‌లో మాత్రం అది అలాగే ఉండాలి. అది మన సాక్ష్యం.

దాటకూడని గీత

వెలుగు సర్దడం, రంగు సర్దడం, వంకర తీయడం, కత్తిరించడం: ఇవి ఫొటోలో ఉన్నదాన్ని కనిపించేలా చేస్తాయి. ఇప్పుడు వస్తున్న ఏఐ సాధనాలు ఇంకో పని చేస్తాయి. మసక ముఖాన్ని ఒక్క నొక్కుతో స్పష్టం చేస్తామంటాయి. అవి లేని వివరాన్ని ఊహించి గీస్తాయి. ఆ కళ్లు ఆ మనిషివి కావు, ఆ బండి నంబరులో అంకె కెమెరా చూసింది కాదు. అలాంటి ఫొటో నమ్మి ఒకరి మీద ఆరోపణ చేస్తే, తప్పు మనిషిని ఇరికించవచ్చు. అసలు దోషి దాన్నే చూపించి తప్పించుకోవచ్చు. నలుపు తెలుపు ఫొటోలకు ఏఐ వేసే రంగులూ అంతే, చర్మం రంగు కూడా దాని ఊహే.

సాక్ష్యంగా వెళ్లే ఏ ఫొటో మీదా ఏఐ వాడకండి. సభ కోసం, పోస్టర్ కోసం వాడితే ఆ మాట ఫొటో కింద రాయండి. కాపీ మీద మీరు చేసిన ప్రతి మార్పునూ, "షాడోస్ పెంచాం, కుడివైపు కత్తిరించాం" అంటూ నోట్‌బుక్‌లో ఒక వాక్యంలో రాయండి.

మీ ఊళ్లో, మీ హాస్టల్‌లో ఒక సాయంత్రం పదిమంది కూర్చుని ఫోన్లు తీయండి. లెన్స్ తుడవండి, బ్యూటీ మోడ్ ఆపండి, తేదీ, టైం సరిగ్గా ఉన్నాయో చూడండి. తెల్లగోడ ముందు ఒకరి ముఖం ఒకరు తీసి, పెద్దది చేసి చూసుకోండి. డాక్యుమెంట్‌గా పంపడం అందరూ ఒకసారి చేసి చూడండి. ఏదైనా జరిగిన రాత్రి ఇవన్నీ గుర్తుతెచ్చుకునే తీరిక ఎవరికీ ఉండదు. చేతికి అలవాటై ఉండాలి.